గ్రిల్ బయట మార్తమ్మక్క గొంతు

దేవుని ఎదుట నిలబడి చెప్తున్నట్టే చెప్తున్నాను, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నేను చీకటికి జడిసే మనిషిని కాదు. నాచారంలో అట్టపెట్టెల కంపెనీలో పని. షిఫ్టు దిగి ఆ గోడౌన్ల మధ్య నుంచి ఒక్కదాన్నే నడిచి వచ్చిన రాత్రులు ఎన్నో ఉన్నాయి.

మాది చిన్న సంఘం. ఉపవాస వారంలో గొలుసు ప్రార్థన పెట్టుకుంటాం. అంటే రాత్రంతా ప్రార్థన ఆగకూడదు. మనిషికో గంట, ఎవరింట్లో వాళ్లే మోకరించాలి. గంట అయ్యాక తర్వాతివాళ్లను లేపి, ఇద్దరూ కలిసి చిన్న ప్రార్థన చేసి ఆమెన్ అనుకోవాలి. అప్పుడే వంతు మారినట్టు. దాన్ని అప్పగింత అంటాం. అందరూ ఫోన్లో కానిచ్చేస్తారు. నాకు ముందు గంట మాత్రం మార్తమ్మక్కది. మా కింది పోర్షన్‌లోనే ఉంటుంది కాబట్టి మెట్లెక్కి వచ్చి మరీ లేపుతుంది. పాపం మోకాళ్ల నొప్పులు. మెట్టుమెట్టుకీ "యేసయ్యా" అంటూ ఎక్కుతుంది. ఆ చప్పుడుకు నేనొక్కదాన్నే కాదు, ఓనరు కూడా లేస్తాడు.

ఇక నా సంగతి. మా పాప రూతుకు ఫిట్స్ ఉన్నాయి. గోలీలు మొదలుపెట్టినప్పటి నుంచి మళ్లీ రాలేదు. తాను చెప్పేదాకా ఒక్క పూట కూడా ఆపొద్దని ఉప్పల్‌లో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అయితే ఆ ఆదివారం ఒకావిడ మా మందిరంలో సాక్ష్యం చెప్పింది. మందులన్నీ పారేశాను, విశ్వాసంతోనే బాగుపడ్డాను అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మొదలైంది బాధ... నా విశ్వాసం చాలడం లేదా? దేవుడే ఒక్క మాట చెబితే ఎంత బాగుండు? ఇదంతా మనసులోనే. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ రాత్రి ఆయన డ్యూటీకి వెళ్లాడు. పాప పడుకుంది. నా గంట వచ్చేదాకా కాస్త నడుం వాల్చాను. కన్ను మూతపడిందో లేదో చెప్పలేను...

టక్. టక్. తలుపు బయటి గ్రిల్ మీద.

"చెల్లె..."

మార్తమ్మక్క గొంతు. లేచి కూర్చున్నాను.

"ఆఁ అక్కా, లేసిన."

"చెల్లె... దేవుడు నాతోని మాట్లాడిండు. పాపకు నయమైంది. గోలీలు ఇంక వద్దు. మోరీల పారేయ్."

ఒళ్లు ఝల్లుమంది. భయంతో కాదండీ, సంతోషంతో. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అడిగిన మాటే వచ్చింది కదా! లైటు కూడా వేయలేదు. ఫ్రిజ్ మీది డబ్బా అందుకున్నాను. మూత తీశాను. నీళ్లు పోయే మోరీలో పోసేద్దామని బాత్రూం గడప దాకా వెళ్లాను...

అలవాటు ఎంత పని చేస్తుందో చూడండి. అక్కడి నుంచే అన్నాను.

"అక్కా, ముందుగాల అప్పగింత కానిద్దాం. ప్రార్థన చెయ్యి."

డబ్బా పట్టుకునే తలుపు వైపు తిరిగాను.

"అక్కా?"

"గోలీలు పారేయ్, చెల్లె."

అదే గొంతు. మొదట ఎంత మెల్లగా అందో, సరిగ్గా అంతే మెల్లగా...

"పారేస్తనక్కా. యేసయ్య పేరు మీద ఒక్క మాట ప్రార్థన చెయ్యి. పారేస్త."

తలుపు అవతల ఏమీ లేదు. ఊపిరి చప్పుడు కూడా లేదు. అప్పుడు తట్టింది నాకు... మెట్ల మీద చెప్పులు వినపడలేదు. "యేసయ్యా" వినపడలేదు. ఈమె ఎప్పుడు ఎక్కింది?

పాప వైపు ఒకడుగు వేశాను. డబ్బాలో గోలీలు గలగలమన్నాయి. ఆ చిన్న శబ్దానికే గుండె ఆగినంత పనైంది. ఇక నేనే ప్రార్థన మొదలుపెట్టాను, గట్టిగా. ఏమేం అన్నానో గుర్తులేదు. ముగించి, చెవి అటే పెట్టి ఆగాను. అవతల నుంచి ఆమెన్ రాలేదు.

తలుపు తీయలేదు. అంత ధైర్యం ఎక్కడిది? పాప పక్కన నక్కి కూర్చున్నాను.

చాలాసేపటికి కింద తలుపు కిర్రుమంది. చెప్పులు ఈడ్చిన చప్పుడు. "యేసయ్యా..." ఒక మెట్టు. "యేసయ్యా..." ఇంకో మెట్టు.

"మాఫ్ జెయ్యే చెల్లె! మోకాళ్ల మీదనే కన్నంటుకుంది. మస్తు లేటయింది."

తలుపు సందులోంచి చూస్తే మార్తమ్మక్కే. నిద్రమొహం, చెదిరిన జుట్టు. తలుపు తీశాను.

"ఇందాక నువ్వు రాలేదా అక్కా? గోలీలు పారేయమన్లేదా?"

"నేనెక్కడొచ్చిన? గిప్పుడే లేస్తి." నా చేతిలో మూత లేని డబ్బా చూసింది. మొహం మారిపోయింది. "పాప గోలీలా? పిచ్చి గిట్ల లేసిందా నీకు? ఇటు తే!"

గుంజుకుని ఫ్రిజ్ మీద పెట్టింది. నా రెండు చేతులూ పట్టుకుని ప్రార్థన చేసింది. ఆమె ఆమెన్ అనగానే ఏడ్చేశాను.

కల అంటాడు మా ఆయన. అయ్యుండొచ్చు. అక్కకు నిద్రలో నడిచే జబ్బుందేమో అని కూడా ఆలోచించాను. ఆ మోకాళ్లతో, చప్పుడు లేకుండానా!

పీర్జాదిగూడలో ఉండే మా పాస్టరయ్యకు మొత్తం చెప్పాను. కొంచెం గొప్పగానే చెప్పాను, దాస్తే ఏముంది. "ప్రార్థన చెయ్యమంటే చెయ్యలేదయ్యగారూ. గట్ల పట్టేసిన." శభాష్ అంటాడనుకున్నాను. ఆయన మాత్రం ఒకటే అడిగాడు.

"చేసుంటే?"

"ఏందయ్యగారూ?"

"ఆ గొంతు మంచిగ ప్రార్థన చేసి, యేసయ్య పేరు జెప్పి, ఆమెన్ అనుంటే... అప్పుడేం జేస్తుంటివమ్మా?"

అది దయ్యమో, కలో, నా మనసో... నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆయన అడిగినదానికి జవాబు మాత్రం నాకు అప్పుడే తెలుసు. పారేసేదాన్ని.