తడి డబ్బాలో బంగారం

ఈ మాట చాలా ఏళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి పడమని కాదు. జాలి పడేంత మంచిదాన్ని కానని కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వరంగల్‌లో, కాశిబుగ్గ దగ్గర సర్కారు బడిలో టీచర్ని. మా బడిలో చెత్త వేరుచేయడం మొదలుపెట్టింది నేనే. మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం తడి డబ్బాలోకి. కాగితాలు, ప్లాస్టిక్, గుడ్డపీలికలు పొడి డబ్బాలోకి. తడిది బడి తోటకు ఎరువయ్యేది, పొడిది పాతసామాన్ల వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. డబ్బాల కోసం దుకాణాల చుట్టూ తిరిగాను. రంగులు నేనే వేశాను. చాక్లెట్ కాగితం చేతిలో పట్టుకుని ఏ డబ్బా అని ఆలోచించే పిల్లల్ని తయారుచేశాను.

అప్పుడు మెర్సీ వచ్చింది. ఇంగ్లిష్ టీచర్, నాకంటే చిన్నది, మాటకారి. ఆఫీసర్ల ముందు బాగా మాట్లాడుతుందని హెడ్మాస్టర్ ఆ పని ఆమెకు అప్పగించారు. ఆఫీసర్ వచ్చిన రోజు ఫొటోలో మధ్యన ఆమె నిలబడింది. నన్ను చూపించి, "ఈ టీచర్ నాకు హెల్ప్ చేస్తరు సార్" అంది. హెల్ప్! సొమ్మొకరిది, సోకొకరిది అని ఊరికే అనలేదు. ఆమె కావాలనే అన్నదా? తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. పగ పట్టడానికి ఒక కారణం దొరికాక, అది నిజమా కాదా అని ఎవరు చూస్తారు?

నవ్వుతూనే తిరిగాను. సమయం కోసం కాచుకున్నాను.

మేడారం జాతర వచ్చింది. మేం వెళ్లి అక్కడి వనదేవతలైన తల్లులకు బెల్లం సమర్పించి కొంత ప్రసాదంగా తెచ్చుకున్నాం. దాన్ని మేం బెల్లం అనం, బంగారం అంటాం. చీమలు పట్టినా పారేయం, ఆవుకు పెడతాం. బడిలోకి ప్లాస్టిక్ కవర్లు తేకూడదని నేనే నియమం పెట్టాను కనుక, టీచర్లకు తలా ఒక ముక్క గుడ్డపీలికలో మూటకట్టి ఇచ్చాను. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. మెర్సీది పచ్చది. ఆమె క్రైస్తవురాలు, తినదు. అయినా రెండు చేతులా తీసుకుని, పక్కింటి పెద్దమ్మకు ఇస్తానని సొరుగులో భద్రంగా పెట్టుకుంది. అందరూ చూశారు.

మర్నాడు ఉదయం ప్రార్థనకు అందరూ వెళ్లారు. నేను తలనొప్పి అని స్టాఫ్ రూంలో ఉండిపోయాను. ఆమె సొరుగు తీశాను. ఆ మూటను తీసుకెళ్లి తడి డబ్బాలో, పాచిపోయిన పప్పన్నం మీద పడేశాను. నిజం చెప్పాలంటే, హాయిగా అనిపించింది.

డబ్బా తెరిచిన ఆడపిల్లలు చూసి కేకలేశారు. ఎవరో ఫొటో తీశారు. మధ్యాహ్నానికల్లా అది, పచ్చ మూట ఎవరిదన్న మాటతో సహా, తల్లిదండ్రుల వాట్సాప్‌లో తిరిగింది. గేటు దగ్గర జనం పోగయ్యారు. "తల్లుల బంగారాన్ని ఎంగిలన్నంల ఏస్తదా గామె?" అన్నారు. ఆమె మతం గురించి నేను ఒక్క మాట అనలేదు. అనాల్సిన పని పడదని ముందే తెలుసు. అది తెలిసి చేయడమే నా అసలు పాపం. హెడ్మాస్టర్ అడిగితే, "పచ్చ మూట మెర్సీకే ఇచ్చిన సార్" అన్నాను. అబద్ధం కాదు. కానీ అంతకంటే పెద్ద మోసం నా జన్మలో చేయలేదు.

గొడవ చల్లారాలని ఆమెను పాలంపేట అవతలి బడికి పంపించారు. ఇంట్లో చంటిపిల్ల. రోజూ బస్సులో అంత దూరం. వెళ్లే రోజు సామాను సర్దుకుంటూ నన్ను పిలిచింది.

"అక్కా, ఒక్క మాట అంట, ఏమనుకోకున్రి."

"చెప్పు."

"నేనే పారేసేదుంటే, మూట విప్పి గుడ్డ పొడి డబ్బాల ఏస్తుంటి గదా. మీరు పిల్లలకు నేర్పింది గదే. ప్రార్థనప్పుడు లోపల ఉన్నది మీరొక్కలే. గట్ల మూట మూటనే ఏసిన్రంటే ఎంత కోపం మీద ఏసిన్రో."

"నాకేం తెల్వది."

"సరే అక్కా. నేను ఎవ్వలకు చెప్పలే. చెప్పినా నమ్మేదెవరు?"

నేను నేర్పిన పాఠమే నన్ను పట్టించింది. సిగ్గుపడాలి కదా? పడలేదు. ఇంకా మండిపోయాను. తిట్టి ఉంటే, దుమ్మెత్తి పోసి ఉంటే, చెల్లుకు చెల్లు అనుకునేదాన్ని. ఆమె నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. అదే ఆమె పగ తీర్చుకున్న తీరేమో. లేక నా బుద్ధి అందరికీ ఉంటుందని నేను అనుకుంటున్నానా?

చెత్త పని మళ్లీ నా చేతికొచ్చింది. కానీ పిల్లలు తడి డబ్బా దగ్గరికి రావడం మానేశారు. అందులో ఏం వేస్తే ఏం గొడవో అని ఇళ్లలో భయపెట్టారు. డబ్బాలు ఎండకు ఎండి పగిలిపోయాయి. ఆమెను గెలవాలని, పిల్లలా పెంచుకున్న ఆ పనిని నేనే చంపుకున్నాను.

తర్వాతి జాతరకూ వెళ్లాను. తల్లులను క్షమించమని అడగలేదు. నేను అన్యాయం చేసింది వాళ్లకు కాదు. మెర్సీ నంబరు నా ఫోన్లో ఉంది. ఎన్నిసార్లు తీశానో, ఒక్కసారీ నొక్కలేదు.

ఇప్పటికీ గేటు దగ్గర ఏ పిల్లాడి తల్లో "గా టీచర్" అని ఆమెను తిడుతుంది. ఇన్నేళ్లూ నేను తలూపుతూ వచ్చాను. ఆ మూట వేసింది ఆమె కాదు, నేను. ఇలా రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. ఆమె మీద కోపం పోయిందా అంటే, పోలేదు.