గోడ అవతలి చుక్కలు

మొన్నీమధ్య మా చెల్లెలి కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టు చూపిస్తానని. తెర మీద ఒక ఇనుప పలక, దాని అంచు నుంచి లోపలికి సన్నటి పగులు, పలక నిండా చుక్కలే చుక్కలు. ఒక మీట నొక్కగానే రంగులు మారుతూ ఆ పగులు నా కళ్ళ ముందే ముందుకు పాకింది. పగులుకు అటూ ఇటూ ఉన్న చుక్కలను వేరు చేయాలని దీనికి ఎవరు చెప్పారని అడిగాను. "అవన్నీ అదే చూస్కుంటది పెద్దమ్మా" అంది, నేనేదో పాతకాలపు చాదస్తం బయటపెట్టినట్టు. నవ్వాను గానీ, చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఆ పగులును ఇంకోసారి చూపించమన్నాను. నా ఈడు వాళ్ళు, మేడ్చల్ షెడ్లలో యంత్రాల మోతకు అలవాటు పడినవాళ్ళు, ఎందుకో చెబితే అర్థం చేసుకుంటారు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. కీసర వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో పరిశోధన అనే పిచ్చిలో మునిగి ఉండేదాన్ని. గాలి ఇటు తిరిగితే జవహర్‌నగర్ చెత్తకుప్పల వాసన తరగతి గదిలోకే వచ్చేది, కిటికీలు మూసుకుని ఉక్కపోతలో పాఠం చెప్పేవాళ్ళం. ఒక ఇనుప వస్తువు మీద బరువు పడితే దానిలో ఎక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో తెలుసుకోవడానికి అందరూ ఆ వస్తువు బొమ్మను చిన్న చిన్న ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ ముడివేసి, ఒక వలలా అల్లి లెక్క కట్టేవాళ్ళు. పగిలిన వస్తువుతో వచ్చే చిక్కేమిటంటే, పగులు కాస్త ముందుకు జరిగినప్పుడల్లా అల్లిన వలను విప్పి మళ్ళీ అల్లాలి. నేను పట్టుకున్న పద్ధతిలో అసలు వలే లేదు. గీతలు కలపని ముగ్గులా చుక్కలు మాత్రం పెట్టుకుంటాం. ప్రతి చుక్క చుట్టూ ఒక గుండ్రం, ఆ గుండ్రంలో పడ్డవన్నీ దాని ఇరుగుపొరుగు, అవి కదిలిన తీరును బట్టే దీని కదలిక. మా చుట్టుపక్కల కాలేజీల్లో ఆ పద్ధతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని, అందుకే నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

మా మేనమామ, అమ్మకు చిన్న తమ్ముడు, మేడ్చల్‌లో ఒక షెడ్డులో పెద్ద ప్రెస్సు నడిపేవాడు. రేకు లోపల పెట్టి కాలితో పెడల్ తొక్కితే పైనుంచి ఇనుప దిమ్మ దిగి రేకును వంచేది, రోజంతా అదే పని. పొద్దున పని మొదలుపెట్టే ముందు ప్రెస్సు బాడీని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దపొడి పూసి చూడటం ఆయన అలవాటు. ఎక్కడైనా పగులుంటే అందులోకి దిగిన కిరోసిన్ పైకి ఊరి, సుద్ద మీద నల్లటి గీతగా తేలుతుంది. అలా ఒక పొద్దున ప్రెస్సు మెడ దగ్గర, వంపు తిరిగే చోట, బెత్తెడు గీత తేలింది. కొత్త బాడీ పోత పోయించి తెచ్చేసరికి నెల పడుతుంది, ఆర్డరేమో ఆ నెలలోనే ఇవ్వాలి. షెడ్డు యజమాని సేటు తల పట్టుకుని కూర్చుంటే మామే ధైర్యం చెప్పాడట: "పరేషాన్ గాకుండ్రి సేటూ, మా అక్క బిడ్డ కంప్యూటర్ల లెక్క గట్టి చెప్తది."

నేను వెళ్ళి ఆ గీతను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తుకున్నాను. పగులు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుండేలా దాని కొసన మామ సుత్తితో పంచ్ కొట్టి చిన్న గుంట పెట్టాడు. ఇంటికి వచ్చి బొమ్మ నిండా చుక్కలు పేర్చాను, పగులు ఉన్న గీత మీద మాత్రం ఒక్కటీ పెట్టలేదు. చుక్కలు లేని చోటే పగులు అనుకున్నాను. లెక్క రెండు రోజులు నడిచి, జవాబు ఎంతో నిమ్మళంగా వచ్చింది, ఒత్తిడి ఎక్కడా హద్దు దాటలేదు. నా పరిశోధన చూసే మా గురువుగారు పరీక్షల పని మీద ఊళ్ళో లేరు. వచ్చేదాకా ఆగుదామని ఒక మనసు అంటే, ఆయనకు చూపించాల్సినంత ఏముందని రెండో మనసు అంది, నేను రెండోదాని మాటే విన్నాను. పలచటి రేకుతో, సగం బలంతో నెల రోజులు నడుపుకోవచ్చని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. సేటు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్రెస్సు పక్కన గోడకు తగిలించాడని తెలిసి ఎంత పొంగిపోయానో, ఇప్పుడు తలచుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

వారం తరువాత ఒక ఆదివారం తూంకుంటలో మామ ఇంటికి వెళ్ళాను. ఆర్డరు తొందరలో మామ ఆ రోజు కూడా డ్యూటీకి పోయాడు, అత్త ఒక్కతే ఉంది. అంతకు నెల ముందే మామా, పెద్దమామా వేరు పడి, వాకిట్లో నడిమధ్యన మనిషెత్తు గోడ పెట్టుకున్నారు, వాళ్ళ అమ్మ, మా అవ్వ, పెద్దమామ వాటాలోకి పోయింది. అత్త గిన్నెలో కూర పెట్టి, అవ్వకు ఇచ్చి రమ్మంది. గోడ అవతల అవ్వ దగ్గు నా చెవి పక్కనే వినబడుతోంది. ఇంత పక్కనే ఉంది కదా, ఇటు నుంచే పిలిచి అందిద్దామా అన్నాను.

"పక్కకు ఏడిది బిడ్డా? గోడ పెట్టినంక గా ఇల్లు దూరమే. ఇగ బజార్ల కెళ్ళి తిరిగి పోవాలె" అంది అత్త.

గిన్నె పట్టుకుని వీధిలోకి దిగి నాలుగడుగులు వేశానో లేదో, కాళ్ళు ఆగిపోయాయి. నా లెక్కలో గోడ లేదు. పగులుకు ఇటువైపు చుక్క గుండ్రంలో అటువైపు చుక్కలు కూడా ఇరుగుపొరుగుగానే ఉన్నాయి, ఎందుకంటే నేను దూరాన్ని పగులు మీదుగా తిన్నగా కొలిచాను, దాని కొస చుట్టూ తిరిగి కాదు. వల పద్ధతిలో అయితే ముడి వేయకపోతే తెగినట్టే. ఇక్కడ ముడులే లేవు కనుక, తెగిందని విడిగా చెప్పకపోతే ఆ చుక్కలకు తెలియదు. నేను లెక్క కట్టింది పగులు లేని ప్రెస్సుకు. మామ కూర్చున్నది పగిలినదాని ముందు, పోత ఇనుము చెప్పా పెట్టకుండా విరుగుతుంది.

కూర అవ్వ చేతికి ఇచ్చానో, గడప మీద పెట్టానో గుర్తు లేదు. ఎస్టీడీ బూతు నుంచి షెడ్డుకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది, ఆదివారం ఆఫీసు గదికి తాళం. శామీర్‌పేట దాకా బస్సు దొరికింది. అక్కడ మేడ్చల్ బస్సు కోసం నిలబడితే ఎంతకీ రాదు, నిలబడ్డంతసేపూ ఆ దిమ్మ ఎన్నిసార్లు దిగి ఉంటుందో వద్దనుకున్నా మనసు లెక్క పెడుతూనే ఉంది. చివరికి ఖాళీ బుట్టలు వేసుకుని పోతున్న ట్రాలీ ఆటోను ఆపి, డ్రైవరును బతిమాలి, బుట్టల మధ్య కూర్చున్నాను. దారి పొడవునా నా నోటి నుంచి "జల్దీ పో అన్నా" తప్ప ఇంకో మాట రాలేదు. షెడ్డు గేటు దగ్గర దిగేసరికి ప్రెస్సు దెబ్బలు వినబడుతున్నాయి, ఆ చప్పుడు విని అంత సంతోషం, అంత భయం ఒకేసారి కలగడం నాకు మళ్ళీ ఎప్పుడూ లేదు.

మోతలో కేక వేసినా వినబడదని తిన్నగా మామ ఎదురుగా పోయి నిలబడ్డాను. "మామా, కాలు తియ్యి. నా లెక్క తప్పింది" అన్నాను. సూపర్‌వైజరు వచ్చి గోడ మీది కాగితం చూపిస్తూ, "గిదేంది మరి, నువ్వే గదమ్మా సంతకం జేస్తివి" అన్నాడు. పది మంది చూస్తున్నారు, సిగ్గుతో చచ్చిపోయాను. మామ మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, పెడల్ మీది నుంచి కాలు తీసి, లేచి వెళ్ళి మెయిన్ స్విచ్చి ఆపేశాడు. తరువాత గుడ్డ, కిరోసిన్, సుద్దపొడి తెచ్చుకున్నాడు. అందరం ఆ తెల్లటి పూత వైపు చూస్తూ నిలబడ్డాం. నల్లటి గీత నెమ్మదిగా తేలింది. పంచ్ గుంట దగ్గర ఆగలేదు, దాన్ని దాటి ఇంకో రెండు వేళ్ళ మేర పోయింది.

మామ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు: "నీ కాగితం అచ్చినంక నేను తుడిసి సూసుడు బంద్ జేసిన బిడ్డా."

అందులో కోపం లేదు, ఉంటే బాగుండేది. రోజూ తన కంటితో చూసుకునే మనిషి, నా సంతకాన్ని నమ్మి చూడటం మానేశాడు. సేటు ఆర్డరు పోయిందని నన్ను నానా మాటలూ అన్నాడు, పడ్డాను. గురువుగారు వచ్చాక అంతా చెబితే, లెక్కలో దూరం కొలిచే భాగం మొత్తం నాతో తిరగరాయించారు.

ఇప్పుడు మామ లేడు. ఆ షెడ్డు ఉన్న చోట గోదాము లేచింది, తూంకుంటలో ఆ గల్లీ ఎక్కడుండేదో అపార్ట్‌మెంట్ల మధ్య నాకే ఆనవాలు దొరకదు. పద్ధతి ఎంతో బాగుపడింది, నేను రోజుల తరబడి పడ్డ పాటు ఇప్పటి పిల్లలకు రెప్పపాటు పని, అందుకు నిజంగా సంతోషమే. మారింది ఇంకొకటి కూడా ఉంది: ఇవాళ లెక్క ఒక ఊళ్ళో కడితే యంత్రం ఇంకో ఊళ్ళో నడుస్తుంది, దాని ముందు కూర్చునేది ఎవరో కట్టినవాళ్ళకు తెలియదు. అయినా వాళ్ళను అనడానికి నేనెవరిని? ఆ రోజు ఆ ప్రెస్సు ముందు ఉన్నది నా మామ కాకుండా ముఖం తెలియని ఇంకెవరో అయి ఉంటే, ఆదివారం కదా, రేపు పోయి చెబుదాంలే అనుకుని తూంకుంటలోనే అన్నం తినేదాన్నేమో. కాదని గట్టిగా చెప్పుకుందామని ఇన్నేళ్ళూ చూశాను, నోరు రాలేదు.