గేటు మీద నాలుగో పేరు

న్యూజెర్సీలో ఆ మందుల కంపెనీ గేటు మీద పేరు మారడం ఇది మూడోసారి. మారినప్పుడల్లా లోపల పనిచేసేవాళ్లలో సగంమంది మాయమైపోతారు. హలీనా కోవాల్‌చిక్ రెండుసార్లు గట్టెక్కింది. ఈసారి మాత్రం ఆమె గుండెల్లో రాయి పడింది.

ల్యాబులో జీవకణాలను పెంచి, గడ్డకట్టించి, ఫ్రీజర్లలో కాపాడటం ఆమె పని. కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బుకు అక్కడ మందు తయారవుతోంది. మనుషులకు ఇవ్వాలంటే ఇంకా రెండేళ్లు పడుతుంది. ఆ జబ్బే ఇంట్లో అక్క ఇరేనాకు ఉంది. చెంచా కూడా పట్టుకోలేదు పాపం. ఇప్పుడు తమ కంపెనీని కొన్న పెద్ద కంపెనీ ఈ మందును ఉంచుతుందా, పారేస్తుందా? అక్కాచెల్లెళ్లిద్దరికీ అదే బెంగ.

పెద్ద కంపెనీల తీరే అంత. కని పెంచే ఓపిక వాళ్లకెక్కడిది? పక్కింటి బిడ్డను కొనేసుకుంటే పోలా! కొన్నాక అక్కర్లేదనుకుంటే వదిలించుకోవడమూ బాగా తెలుసు.

ఆ ఉదయం అందరికీ పిలుపులొచ్చాయి. క్యాంటీన్‌కు పిలిస్తే ఉద్యోగం ఉన్నట్టు, పెద్ద హాలుకు పిలిస్తే ఊడినట్టు. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. హలీనాను మాత్రం ఆ రెండింటికీ కాకుండా కొత్త మేనేజరు డెలూకా గదికి రమ్మన్నారు.

ఆయన కుర్చీ చూపించి, ఆమె ఉద్యోగానికి ఢోకా లేదన్నాడు. ఊపిరి పీల్చుకునేలోపే మిగతాది చెప్పాడు. ఆ జబ్బుకు తమ పాత మందొకటి ఎలాగూ అమ్ముడుపోతోందట, రెండోది అక్కర్లేదట. ఆ పాత మందు ఇరేనాకు అణువంతైనా పనిచేయలేదు.

“ఫ్రీజర్లు ఖాళీ చేయాలమ్మా. కణాలన్నీ చంపేసి పారేయండి. ఏది ఎక్కడుందో మీకే కదా తెలుసు.”

మరి జబ్బు మనుషుల గతేమిటని అడగబోయింది. అడిగితే తననూ పెద్ద హాలుకు పంపేస్తారు. ఈ వయసులో పని ఎవరిస్తారు? అక్కను ఎలా సాకడం? పాడు భయం!

“సరేనండీ,” అంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఇరేనా తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉంది.

“ఏమన్నారే? ఉంచారా?”

“ఉంచారక్కా.”

“హమ్మయ్య, చచ్చి బతికాను. నువ్వక్కడుంటే మందు వచ్చినట్టేలే.”

అప్పటికే మొదటి ఫ్రీజరు ఖాళీ చేసి వచ్చింది హలీనా. అక్క మొహంలోకి చూడలేక, అవునక్కా అంది.