పాచి సారు

సారు పోయారని కోదాడ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను మిర్యాలగూడలో మా కాలేజీ ల్యాబు బీరువాలు తుడుస్తున్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని మిగిలిన బీరువా కూడా తుడిచాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆయన అదే కాలేజీలో బోటనీ లెక్చరర్. నేను పది తప్పిన ల్యాబ్ అటెండర్ని. నీళ్లలో పెరిగే పచ్చటి పాచి అంటే ఆయనకు ప్రాణం. పాచి సారు అని పేరు పెట్టింది నేనే.

"సార్, పాసి అంటే పొద్దుగాల నోట్లె ఉండేదే గద?"

"నీ నోట్లోది వేరురా. ఇది ఒక్కటే కణం. ఎండ తాగి బతుకుద్ది. బి12 విటమిన్ మాత్రం చేసుకోలేదు. చుట్టూ నీళ్లలో బ్యాక్టీరియా చేసి వదిలింది పీల్చుకుంటది."

"అంటే అడుక్క తింటదన్నట్టు."

"నీకు రోజూ టీ ఎవరు పోయిస్తున్నారు మరి?"

సూర్యాపేట సైన్స్ ఫేర్ కోసం రెండు సీసాల్లో మరిగించి చల్లార్చిన నీళ్లు పోసి, బ్యాక్టీరియా లేని పాచి వేశారు. బి12 చుక్క వేసిన సీసా పచ్చబడింది. వెయ్యనిది పాలిపోయింది. ఆ తేడా చూపించాలని ఆయన ఆశ. నా చెయ్యి ఊరుకోదు కదా. పూలకుండీ మట్టిలో వేలు తిప్పి పాలిపోయిన సీసాలో ముంచాను. మట్టిలోని బ్యాక్టీరియా పుణ్యాన పది రోజులకు అదీ పచ్చబడింది.

సూర్యాపేటలో సారు రెండు పచ్చ సీసాల వెనక నిలబడ్డారు. "తేడా ఏదండీ?" అని నవ్వి వెళ్లారు చూసినవాళ్లు. నేను పక్కనే ఉన్నాను. తర్వాత ఆయన రిటైరై కోదాడ వెళ్లిపోయారు. వెళ్లి కలిసినప్పుడల్లా చెప్పేద్దామనుకున్నాను. టీ తాగి వచ్చేవాణ్ని.

పెద్దకర్మ రోజు సారు భార్య కిటికీలో ఉన్న సీసా, నేను వేలు ముంచినదే, తెచ్చి నా చేతిలో పెట్టారు. మీద సారు రాత: "బి12 దాత: మా అటెండర్ వేలు."

"సారుకు ఎప్పుడు తెల్సిందమ్మా?"

"నువ్వు ముంచిన రోజేనయ్యా. మూత మీద మట్టి వేలిముద్ర ఉందంట."

"మరి అది పారబోసి ఇంకో సీసా పెట్టుకోవాల్సింది గద."

"పచ్చబడుద్దో లేదో చూడాలన్నారు."

"సూర్యాపేటలనన్న చెప్పొద్దా?"

"చెబితే నీ పేరు చెప్పాలి గదయ్యా."

తిరుగు బస్సులో సీసా ఒళ్లో పెట్టుకున్నాను. హుజూర్‌నగర్ దాటాక గతుకులకు పచ్చటి నీళ్లు ఊగాయి. మూత మీది ముద్ర చెరగకుండా సారు టేపు అంటించారు. దాని మీద నా వేలు ఆనించాను. సరిగ్గా సరిపోయింది.