పరదేశంలో సంగటి చదువు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మా ఆయన ఉద్యోగం వెంట కృష్ణ ఒడ్డు నుంచి అక్కడికి వెళ్లాను. రైలు దిగగానే అనిపించింది, ఇది పరదేశమేనని. "ఎక్కడ" అంటే నవ్వి "యాడ" అని దిద్దేవారు. వరి అన్నం వండుకుంటే "ఈ పొద్దు ఏం పండగ?" అని అడిగేవారు. నేనా, పుట్టినప్పటి నుంచీ సన్నబియ్యం తిన్నదాన్ని. ఆ పొగరు దండిగా ఉండేది.

మేం అద్దెకున్నది ఒక రైతు ఇంట్లో. ఇంటావిడను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె అత్తగారు, నోట్లో ఒక్క పన్నయినా లేని అవ్వ, రెండు పూటలా కోడలు చేసిన రాగిసంగటే తినేది. అన్నం పెడితే "కడుపులో నిలబడదు" అని పళ్లెం పక్కకు తోసేది.

ఒకరోజు అక్క దిగులుగా కనిపించింది. మైదుకూరులో కూతురికి నెలలు నిండాయట. రెండో కాన్పు, అత్తవారింట్లోనే.

"పోవాలని పానం కొట్టుకుంటాండాది. మా అత్తకు సంగటి ఎవరు గెలకాల?" అంది.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం. "పిండీ నీళ్లేగా అక్కా! నేను చేస్తాను, మీరు వెళ్లండి" అనేశాను.

అక్క మర్నాడే నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. ఉడికిన నూకల్లో రాగిపిండి పోసి, మా ఊళ్లో జావ కాచినట్టు వెంటనే గరిటె తిప్పాను.

"కలపాకు! పిండి ఉడకల్ల. నడిమధ్య బొక్క పెట్టి మూసిపెట్టు."

ఉడికాక కుండ దించి, బేతంచెర్ల బండలు పరిచిన నేల మీద పెట్టి, గోనెపట్ట అడ్డం వేసి రెండు పాదాలతో అదిమిపట్టి కట్టెతో గెలకాలి. నేను గెలికితే కుండ కూడా నాతోపాటే తిరిగింది. గడప మీద కూర్చున్న అవ్వ బోసినోటితో నవ్వుతూ, "పాపా, కుండే గెలుస్తాండాది" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

సంగటిని నమలకూడదు, మింగాలి. నా ముద్దల్లోనేమో ఉండలు.

ఇంకా చేయి తిరగనేలేదు, నొప్పులు మొదలయ్యాయని మైదుకూరు నుంచి కబురొచ్చింది. అక్క మూట కట్టుకుంది గానీ కదల్లేదు. "అవ్వ నీ చేతి ముద్ద మింగితేనే నేను పోయేది" అంది.

గెలికి ముద్ద చేశాను. అవ్వ వేరుశనగల ఊరిబిండి పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకుంది. ఒక ముద్ద దిగింది. రెండోది ఆగిపోయింది. ఒక బుగ్గ ఉబ్బింది.

అవ్వ ఆ బుగ్గతోనే, "శానా బాగుండాది. పోవే, బస్సు పోతాది. బిడ్డ నీకోసం చూస్తాంటాది" అంది.

అక్క మా ఇద్దరినీ ఒకసారి చూసి, మూట ఎత్తుకుని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా అవ్వ నోరు తెరవలేదు. తర్వాత అరచేతిలోకి ఉమ్మింది. గోలీకాయంత పచ్చిపిండి ఉండ. సిగ్గుతో నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడ్సేది తర్వాత. ఎసరు పెట్టు పాపా, ఆకలైతాండాది" అంది అవ్వ.