జైలోసి వెనక కూర్చున్న రోజు

సరస్సు పక్కన సెంగా ఒడ్డు నుంచి సలీమా పట్నం దాకా పాతికేళ్లు సైకిల్ మీద కిరాయికి మనుషుల్ని మోసిన జైలోసికి నలభై ఎనిమిదో ఏట చూపు మందగించింది. మొదట పక్కచూపు పోయింది. ఓ ఉదయం అడ్డొచ్చిన మేకను గుద్ది, వెనక కూర్చున్న టీచరమ్మను బురదలో పడేశాడు. ఆ రోజు సైకిల్ తెచ్చి గోడకు ఆనించినవాడు మళ్లీ ఎక్కలేదు.

భార్య ఎస్మె సరస్సు దగ్గర ఉసిపా చేపలు కొని, నెత్తిన మోసుకెళ్లి అమ్మేది. ఇక ఆ సైకిల్ తనే తొక్కుతానంది. నలభై దాటిన మనిషి బట్ట ఎగగట్టి తొక్కుతుంటే మా వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. జైలోసి మాత్రం క్యారియర్ పట్టుకుని వెనకే నడుస్తూ, చక్రాల చప్పుడు బట్టి చెప్పేవాడు.

"గుంతకేసి చూస్తున్నావు కదూ?"

"చూడకపోతే పడనా?"

"చూస్తేనే పడతావు. ఎటు పోవాలో అటు చూడు. హ్యాండిల్ అంత బిగించి పట్టకు, అదేమన్నా కోడా పారిపోవడానికి?"

మలుపు రాకముందే బ్రేకు వేయాలన్నాడు. తారు అంచు దిగిపోతే కంగారుగా ఏటవాలుగా ఎక్కొద్దని, నెమ్మదించాక ఎక్కాలని చెప్పాడు. నాలుగు నెలలకు ఆమె చేపల గంపతో సలీమా వెళ్లి రాసాగింది. రాత్రికి నడుము పట్టేసేది. ఎవరికీ చెప్పేది కాదు.

సలీమాకు కంటి డాక్టరు వచ్చే రోజున మొగుణ్ణి ఎక్కించుకుని బయల్దేరింది. జైలోసి ఎన్నడూ వెనక కూర్చున్నవాడు కాదు. రోడ్డు కనబడదు, చేతిలో హ్యాండిల్ లేదు. మలుపు వచ్చినప్పుడల్లా భయపడి అవతలి పక్కకు ఒరిగేవాడు. సైకిల్ పాములా వంకర్లు పోయేది.

సగం దారిలో ఎదురుగా వచ్చిన లారీ రోడ్డంతా ఆక్రమించింది. ఎస్మె అంచు దిగి కంకర మీదకు పోయింది. జైలోసి వెనక నుంచి ఆమె నడుము వాటేసుకుని, "ఎక్కించు, ఎక్కించు," అన్నాడు.

ఆమె ఎక్కించలేదు. చేతులు వదులుగా ఉంచి, ముందుకే చూస్తూ, వేగం చచ్చేదాకా కంకర మీదే పోనిచ్చి కాలు ఆనించింది.

"ఫైనేసీ నాన్నా," అంది, ఎప్పటిలా కూతురి పేరుతో పిలుస్తూ, "నాకు చెప్పిందంతా నువ్వే కదా. కాస్త బస్తాలా కూర్చోలేవా?"

అతను ఆమె నడుము వదిలాడు. "నా వెనక కూర్చున్నవాళ్లకు ఇంత భయమని నాకు తెలీదే," అన్నాడు.

డాక్టరు కళ్లలో దీపం వేసి చూశాడు. పోయిన చూపు రాదని, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కల మందు మానకూడదని చెప్పాడు.

తిరుగుదారిలో ఎదురుగాలి. ఆమె ఎటు ఒరిగితే జైలోసి అటే ఒరిగాడు. ఎత్తు దగ్గర, "దిగి నడవనా?" అన్నాడు.

"కూర్చో. దిగితే మళ్లీ ఎక్కించుకునే ఓపిక నాకు లేదు."

ఇల్లు చేరాక ఎస్మె కాళ్లు కూడా కడుక్కోకుండా చాప మీద వాలింది. జైలోసి తడుముకుంటూ పొయ్యి వెలిగించి మొక్కజొన్న పిండితో న్సీమా ముద్ద కలిపాడు. పిండి ఉండలు కట్టింది. ఆమె లేచి ఉండలతో సహా తినేసింది.