మాటల వరుస

మా ఇంట్లో కంప్యూటర్ మా ఆవిడది. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. నాకు పుస్తకాలతోనే సరిపోయింది. ఆమె బడిలో తెలుగు చెప్పేది. రిటైరయ్యాక బందరులోని మా వీధి వాళ్ళందరికీ కార్డులు టైపు చేసి పెట్టేది. పెళ్ళి, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, పెద్దకర్మ, ఏదైనా సరే, ప్రెస్సుకు వెళ్ళే ముందు అందరూ ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ పని లేనప్పుడు అక్కడే కూర్చుని బంధువులకు పొడుగాటి మెసేజీలు పెట్టేది.

ఆమె వాడిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఒక అలవాటుంది. ఒక అక్షరం కొట్టగానే దానితో మొదలయ్యే మాటలు కింద వరుసగా వస్తాయి. ఎక్కువసార్లు ఎంచుకున్న మాట ముందుకొస్తుంది. ఈ సంగతి నాకు, ఆమె పోయాక ఆమె పెద్దకర్మ కార్డు నేనే టైపు చేస్తున్నప్పుడు తెలిసింది. 'క' కొడితే మొదట 'కాబోలు' వచ్చింది. కార్డుల్లో ఎవరూ 'కాబోలు' రాయరు. అది ఆమె మెసేజీల్లోది. వాన పట్టింది కాబోలు, బస్సు దొరకలేదు కాబోలు. మాట్లాడినా అంతే, తనకు ఖాయంగా తెలిసిన విషయానికి కూడా చివర ఆ మాట తగిలించేది. కార్డు పూర్తయ్యేసరికి 'కర్మ' మొదటికి వచ్చి, 'కాబోలు' రెండోదయింది.

ఆ తర్వాత నేను ఆ కంప్యూటర్‌లో ఏమీ రాయలేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆన్ చేసి, ఒక్క అక్షరం కొట్టి, కింద వచ్చిన మాటలు చూసి, చెరిపేసి ఆపేసేవాణ్ణి. ఏ మాటనూ ఎంచుకునేవాణ్ణి కాదు. 'మ' కొడితే మామిడల్లం, మరిచిపోకు, మజ్జిగ. 'ఎ' కొడితే ఎండ, ఎప్పుడొస్తారు. ఇంకొకళ్ళకైతే వాటిలో చెప్పుకునేంత ఏమీ లేదు. చూసి వెళ్ళి పడుకుంటే కొంచెం నిద్ర పట్టేది.

ఎదురింటావిడ వాళ్ళకు గిలకలదిండి రేవులో చేపల బోటు ఉంది. పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకున్నారు. గృహప్రవేశం కార్డు రాసి పెట్టమని ఆవిడ అడుగుతూనే ఉంది. చూద్దాం లెండి అని నేను దాటేస్తూనే ఉన్నాను.

అప్‌డేట్లు వచ్చినప్పుడు కూడా అలాగే 'తర్వాత' నొక్కేవాణ్ణి. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచి చూసేసరికి అది నన్ను అడగకుండానే మొదలైపోయింది. తెర మీద సగం దాటిన శాతం, కింద కంప్యూటర్‌ను ఆపవద్దని హెచ్చరిక. సముద్రం గాలి గట్టిగా ఉంది. చూస్తుండగానే కరెంటు పోయింది. బ్యాటరీ ముసలిదైన యూపీఎస్ రెండుసార్లు కూసి ఊరుకుంది.

కరెంటు వచ్చాక ఆన్ చేశాను. నల్లటి తెర మీద తెల్లటి చుక్కలు గుండ్రంగా తిరిగాయి. రిపేరు చేసుకుంటున్నానంది. ఆరిపోయి మళ్ళీ వెలిగింది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ రిపేరు. అలా ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో తెలియదు. ఎండ కిటికీలోంచి కీబోర్డు మీదికి వచ్చి, దాని మీంచి నేల మీదికి దిగింది.

మా బావమరిదికి గుడివాడలో కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. ఫోన్ చేశాను.

"ఏం చేశారు బావగారూ? మా అక్క ఉండగా దాన్ని ముట్టుకోనిచ్చేదా మిమ్మల్ని?"

"నేనేం చెయ్యలేదయ్యా. కరెంటు పోయింది."

"సరే. నీలం రంగు మెనూ వచ్చిందా? అందులో రీసెట్ అని ఉంటుంది. 'ఫైళ్ళు ఉంచి' అన్నది నొక్కండి. ఫొటోలూ కార్డులూ ఎక్కడికీ పోవు."

"మిగతావి?"

"మిగతావంటే సాఫ్ట్‌వేర్లేగా. మళ్ళీ వేసుకుందాం."

మెనూ నా ముందే ఉంది. మౌస్ మీద చెయ్యి ఉంది. నొక్కలేదు.

"నువ్వే ఒకసారి రారాదూ?" అన్నాను.

"ఒక్క బటన్ నొక్కడానికి గుడివాడ నుంచి రావాలా?" అన్నాడు. కానీ మర్నాడు వచ్చాడు.

వస్తూనే కంప్యూటర్ డబ్బా విప్పాడు. "ఉప్పు గాలికి ఎలా తుప్పు పట్టిందో చూడండి. దీన్ని రోజూ వాడుతూ ఉండాలండీ, ఊరికే ఉంచితే ఇలాగే అవుతుంది" అంటూ లోపలి ర్యామ్ ముక్క తీసి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు. ఫలితం లేదు. మళ్ళీ ఆ చుక్కలే. అతను కుర్చీ ముందుకు లాక్కుని రీసెట్ దగ్గరికి వెళ్ళాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఏంటి బావగారూ?"

చెప్పాను. రోజూ మధ్యాహ్నం ఏం చేస్తున్నానో, 'కాబోలు' సంగతీ, రీసెట్ చేస్తే పోయేది ఏమిటో. గట్టిగా చెప్తుంటే నాకే చిన్నపిల్లల వ్యవహారంలా వినిపించింది. అతను తెర వైపే చూస్తూ విన్నాడు.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. "నిన్న ఫోన్‌లో మీరు నొక్కేసి ఉంటే?"

"అందుకే నొక్కలేదు."

"ఆ మాటల్ని అది ఎక్కడ దాచుకుంటుందో వెతికి తియ్యొచ్చేమో గానీ, దొరుకుతాయని చెప్పలేను. వేసిన అప్‌డేట్‌నే వెనక్కి తీసేద్దాం. పాతది ఉన్నది ఉన్నట్టు వస్తే వచ్చినట్టు."

"రాకపోతే?"

"రాకపోతే చూద్దాం."

వెనక్కి తీయడానికి రెండు దారులు చూపించింది. మొదటిది నొక్కితే కుదరదంది. రెండోది నొక్కాడు. చుక్కలు తిరగడం మొదలుపెట్టాయి. ఈసారి ఆగకుండా తిరిగాయి. కరెంటు పోకుండా ఉంటే చాలన్నాడు. భోజనాలు చేశాం. అతను చాప మీద ఒరిగాడు. నేను కుర్చీలోనే కళ్ళు మూసుకున్నాను.

నాగాయలంక రేవు కనిపించింది. మా ఆవిడ పుట్టిల్లు అక్కడే. పెళ్ళయిన కొత్తలో ఆ రేవులో ఏరు దాటించే పంటు కోసం ఎదురుచూసేవాళ్ళం. మా ఇద్దరితోపాటు సైకిళ్ళూ మేకలూ గడ్డిమోపులూ ఎక్కేవి. కలలో పంటు ఏటి మధ్యలో ఉంది. ఈ గట్టుకూ రాదు, ఆ గట్టుకూ పోదు. ఉన్నచోటే మెల్లగా తిరుగుతోంది. ఆమె నా పక్కనే నిలబడి ఉంది. చీర అంచు తడిసింది. దేనికీ తొందరపడుతున్నట్టు లేదు. "ఇంజను ఆగింది కాబోలు" అంది. నాకూ తొందరేమీ లేదు.

"బావగారూ, లేవండి. వచ్చింది."

తెర మీద ఆమె పెట్టుకున్న నందివర్ధనం పూల ఫొటో ఉంది. నేను కళ్ళు తుడుచుకునేలోపే అతను టైపింగ్ తెరిచి 'త' కొట్టాడు. కింద వరుస వచ్చింది. తద్దినం, తాంబూలం, తలంబ్రాలు, తమ్ముడు.

అతను పెద్దగా నవ్వాడు. "చూశారా? తద్దినం తర్వాత నేను! తలంబ్రాలు కూడా అయ్యాక!"

"కార్డులు ఎక్కువ కదయ్యా."

"కార్డులూ లేదు, ఏమీ లేదు. మా అక్క నన్నెప్పుడూ ఆఖరి బంతిలోనే కూర్చోబెట్టేది." నవ్వుతూనే 'తమ్ముడు' నొక్కాడు. ఆపబోయాను, కుదరలేదు. చెరిపేసి మళ్ళీ 'త' కొట్టి, మళ్ళీ నొక్కాడు. అలా కొడుతూనే ఉన్నాడు. తద్దినం కిందికి జరిగింది.

"ఇదిగో, పైకొచ్చా" అన్నాడు. నవ్వడం మానేశాడు.

నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఇన్నాళ్ళూ ఆ వరుస కదలకూడదనే చూశాను. ఆమె ఉన్నన్నాళ్ళూ అది రోజూ కదులుతూనే ఉండి ఉంటుంది. ఈ సంగతి నాకు అంతకుముందు తట్టలేదు.

అతన్ని బస్సెక్కించి వస్తుంటే ఎదురింటావిడ గుమ్మంలో ఉంది. "కంప్యూటర్ బాగయిందా మాస్టారూ?" అంది. నేను ఎప్పుడూ పాఠం చెప్పకపోయినా ఆవిడకు నేను మాస్టారినే.

"అయిందమ్మా. రండి, మీ కార్డు రాద్దాం."

ఆవిడ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ముహూర్తం, పేర్లు చెప్పింది, కొట్టాను. బంధుమిత్ర సపరివారంగా అన్నదాకా వచ్చి 'వి' కొట్టాను. 'విచ్చేసి' రాయాలని. కింద మొదట 'వీలు' వచ్చింది, 'విచ్చేసి' రెండోది. ఆమె పెద్ద మాటలు ఇష్టపడేది కాదు. వీలు చూసుకుని రండి అని రాసేది. నేను 'వీలు' ఎంచుకుని, ఆమె రాసినట్టే వాక్యం పూర్తి చేశాను.

ఆవిడ ముందుకు వంగి చదివింది. "ఇదేంటండీ? వీలు చూసుకుని రావడమేంటి, మేమేమన్నా మీటింగు పెట్టామా? విచ్చేసి అని వెయ్యండి."

"మా ఆవిడ ఇలాగే రాసేది."

"రాసేవారు. మేమందరం పోట్లాడి మార్పించేవాళ్ళం. అక్కయ్యగారు మూతి ముడుచుకుని మార్చేవారు."

ఆ మూతి ముడుచుకోవడం నాకు తెలుసు. కార్డుల దగ్గర కూడా ఉండేదని తెలియదు.

వాక్యం చెరిపేసి మళ్ళీ 'వి' కొట్టాను. ఈసారి రెండో మాట నొక్కాను.